కార్మిన్యానో కొండ మీద మూడు గ్లాసులు

ఇటలీ నుంచి తిరిగొచ్చాక సూరత్ డిండోలి పేటలో మావాళ్లు నన్ను అడిగిన మొదటి మాట చర్చిల గురించి కాదు, చలి గురించి కాదు. "తాగినవా?" అని. వాళ్లను తప్పు పట్టలేం. గుజరాత్‌లో మందు నిషేధం. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే మా తెలంగాణ వాళ్లు గొంతు తడుపుకోవాలంటే డామన్ దాకా పోవాలి, తెచ్చుకోదలచింది కడుపులోనే పెట్టుకుని రావాలి. అలాంటి ఊరి నుంచి ఒకడు ద్రాక్షతోటల దేశానికి పోయొస్తే ఇంకేం అడుగుతారు?

తాగాను. కార్మిన్యానో అనే ఊళ్లో, మూడు గ్లాసుల్లోంచి మూడు గుక్కలు. ఆ ఎర్ర వైన్ సంగతి చెప్పే ముందు నా ముక్కు సంగతి చెప్పాలి. ప్రయాణమంతా దాని చుట్టూనే తిరిగింది మరి.

పోయే ముందు

సూరత్ పక్కన పల్సానాలో ఒక ప్రాసెసింగ్ మిల్లులో నేను డైయింగ్ మాస్టర్ని. సిరిసిల్ల వైపు నుంచి ఇరవయ్యో ఏట మగ్గాల పనికి వచ్చి, అక్కణ్నుంచి రంగుల్లోకి దిగాను. మా మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దున్నే కెమికల్ స్టోర్ తాళం మాస్టరే తీయాలి. మొదటి అడుగు ఆయనదే. అగరుబత్తి వెలిగించే ముందు ఒక్క నిమిషం నిలబడి గాలి పీల్చి చూడాలి. ఎందుకంటే లోపల హైడ్రో డ్రమ్ములుంటాయి. పాలియెస్టర్ బట్టకు రంగు వేశాక అంటకుండా మిగిలిపోయిన రంగును కడిగేసే తెల్లటి పొడి అది. నాలుగు చుక్కల నీళ్లు పడితే చాలు, లోలోపల వేడెక్కి రగులుకుంటుంది. కాలిన అగ్గిపుల్లలూ మురిగిన గుడ్లూ కలిపినట్టు ఘాటు కొడుతుంది. ఆ ఘాటు పసిగట్టి మిగతావాళ్లను ఆపాల్సిన ముక్కు మాస్టర్‌ది.

2021 ఎండాకాలంలో నాకు కరోనా వచ్చింది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, వాటితో పాటు వాసన కూడా పోయింది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూ నెలలు గడిపాను. పక్కన పోపు మాడుతున్నా తెలియదు. నా భార్య సుజాతకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ముక్కు లేని మాస్టర్ని ఎవరు ఉంచుకుంటారు?

ఆ వానాకాలంలో ఒకరోజు స్టోర్ కప్పు కారి ఒక డ్రమ్ములోకి నీళ్లు దిగాయి. నేను దాని పక్కనే నిలబడి రంగుల డబ్బాలు చూసుకుంటున్నాను. రాజేశం అని జగిత్యాల వైపు మనిషి, మా దగ్గర మెషీన్ ఆపరేటర్, వెనక నుంచి నా కాలర్ పట్టుకుని బయటికి లాగాడు. ఇద్దరం అరగంట సేపు దగ్గాం.

"వాసన రాలేదా మాస్టర్?" అన్నాడు.

"మూతికి మాస్క్ ఉన్నది కద," అన్నాను.

ఆ మాట నన్ను నెలల తరబడి కాపాడింది. మాస్క్ ఉన్నంత కాలం ఎవరి ముక్కు ఎంత పనిచేస్తుందో ఎవరికీ పట్టలేదు. ఒక్కటే చికాకు. ఆనాటి నుంచి రాజేశానికి తొందర ఎక్కువైంది. పొద్దున నేను తాళం తీసీ తీయగానే నన్ను పక్కకు నెట్టినంత పని చేసి లోపలికి దూరేవాడు. మాస్టర్ కంటే ముందు అడుగు పెడతావా, మర్యాద లేదా అని నాలుగైదు సార్లు తిట్టాను. "జర జల్దీ ఉండె మాస్టర్," అనేవాడు, మర్నాడు మళ్లీ అదే పని.

2022 ఏప్రిల్‌లో మాస్కులు దిగాయి. నా సాకు కూడా దిగింది. సరిగ్గా అప్పుడే మా సేఠ్ పిలిచి, ఇటలీలో ప్రాతో అనే ఊళ్లో మూతపడిన ఒక చిన్న రంగుల మిల్లులో పాత స్టెంటర్ అమ్మకానికి ఉందని, పోయి చూసి రమ్మని అన్నాడు. స్టెంటర్ అంటే బట్టను సాగదీసి ఆరబెట్టే యంత్రం. యంత్రం చూడటానికి కళ్లూ చెవులూ చాలు కదా అని ఒప్పుకున్నాను. సేఠ్ పరమ వైష్ణవుడు. సాగనంపుతూ "ఉధర్ దారూ-బారూ నహీ, మాస్టర్," అని మరీ చెప్పాడు.

ప్రాతో: ఉప్పు లేని రొట్టె

స్టేషన్‌కు మౌనిక వచ్చింది. మా డిండోలి గల్లీలో మగ్గం పనిచేసే నర్సయ్య కూతురు. స్కాలర్‌షిప్ మీద అక్కడ బట్టల ఇంజినీరింగ్ చదువుతోంది. పోయే ముందు ఆరు నెలలు మా మిల్లులోనే ట్రైనింగ్ చేసింది కూడా. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి ఒక్క వాక్యంలో మూడు భాషలుంటాయి, ఇప్పుడు నాలుగోది చేరింది.

"కేమ్ ఛో కాకా? మాస్క్ తియ్యకు, బస్సుల ఇంకా కంపల్సరీ," అంది.

ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. నా సాకు ఇక్కడ ఇంకా బతికే ఉంది.

కాఫీ తాగాం. నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే దాదాపు రెట్టింపు. మా సూరత్ ఉధనాలో టీ బండి మీద కూడా నిలబడే తాగుతాం గానీ, కాళ్లకు విడిగా ధర కట్టడం ఎప్పుడూ చూడలేదు. గ్లాసు చూస్తే మన కటింగ్ చాయ్‌లో సగం, చేదు మాత్రం కషాయం.

మధ్యాహ్నం చిక్కుడు గింజల సూప్, రొట్టె. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. రుచి లేదు. నమిలాను. లేదు. ఒళ్లంతా చెమట పట్టింది. ముక్కు పోయింది సరే, నాలుక కూడా పోయిందా? ఉప్పు సీసా వంచి అరచేతిలో పోసుకుని నాకాను. ఉప్పగానే ఉంది. మళ్లీ రొట్టె తిన్నాను, సున్నా. మళ్లీ ఉప్పు నాకాను. పక్క బల్ల దగ్గరి దంపతులు తినడం ఆపి నన్నే చూస్తున్నారు.

"ఏమైంది కాకా?"

"గీ రొట్టెల ఉప్పు లేదేంది?"

"గిక్కడ ఎవ్వలూ ఎయ్యరు. పురానా రివాజ్. కూరల ఉప్పుంటది కదా, రొట్టెకెందుకు అంటరు."

నా నాలుక నాకే ఉన్నందుకు ఆ రొట్టెను ప్రేమగా నాలుగు ముక్కలు ఎక్కువ తిన్నాను.

గుడ్డల గోదాము, మూసిన మిల్లు

ప్రాతో ఒకప్పుడు పాత ఉన్ని గుడ్డల మీద బతికిన ఊరు. ఇప్పటికీ కొన్ని గోదాములున్నాయి. ప్రపంచంలోని చినిగిన స్వెటర్లన్నీ అక్కడికి వస్తాయి. వాటిని రంగుల వారీగా ఏరి, చీల్చి, మళ్లీ నూలు వడుకుతారు. ఒక ముసలాయన కింద కూర్చుని ఎర్ర గుడ్డలు ఏరుతున్నాడు. ఎరుపు ఒక్కటే పన్నెండు కుప్పలు. ఈ కుప్పలోంచి ఇంత, ఆ కుప్పలోంచి అంత కలిపితే కావలసిన రంగు నూలులోనే వచ్చేస్తుందట, అద్దకం అవసరం లేదట. జీవితమంతా రంగు నీళ్లలో చేతులు ముంచినవాణ్ని, నా పొట్ట కొట్టే విద్యను నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాను. ఆయన నా చొక్కా అంచు వేలితో ఒక్కసారి రాసి, "పోలియెస్తెరె," అని మొహం అదోలా పెట్టాడు. ఆ చొక్కా బట్టకు రంగు వేసింది నేనే. కోపం వచ్చింది, కానీ ఆయన వేళ్లకు దండం పెట్టాలనీ అనిపించింది.

మూతపడిన మిల్లు తాళాలు తెచ్చింది లుచియా. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మట్టి అంటిన బూట్లు. ఆమె భర్త బ్రూనో అక్కడ రంగుల మాస్టర్, యజమాని కూడా. 2020 నవంబర్‌లో కరోనాతో పోయాడు. స్టెంటర్ బాగానే ఉంది. గొలుసులు మార్చాలి, అంతే. నా చూపు మాత్రం ఉత్తరం వైపు కిటికీ మీద పడింది. దాని కింద తెల్ల గుడ్డ పరిచిన చిన్న బల్ల. నేను కూడా రంగు సరిచూసేది ఉత్తరపు వెలుగులోనే. ఎండ పడితే రంగు అబద్ధం చెబుతుంది. చూడని ఆ మనిషి మీద నాకు చుట్టరికం లాంటిది పుట్టింది.

ఆ కిటికీ దగ్గర నేను నిలబడిన తీరు లుచియా చూసినట్టుంది. మౌనికతో ఏదో అంది.

"రేపు వాళ్ల ద్రాక్షతోటకు రమ్మంటుంది కాకా. కార్మిన్యానోల. ఒక పని ఉన్నదట, రంగు మాస్టర్‌తోనే."

కొండ ఎక్కితే

బస్సులో అరగంట దాటగానే ఫ్యాక్టరీల రేకుల కప్పులు మాయమై ఆలివ్ చెట్లు, ద్రాక్ష వరుసలు మొదలయ్యాయి. మే నెల. కాయలింకా లేవు, ఆవగింజల్లాంటి పూమొగ్గల గుత్తులు. ప్రతి వరుస మొదట్లో ఒక గులాబీ మొక్క. అందం కోసమనుకున్నాను. లుచియా చెప్పింది, మౌనిక మా డిండోలి భాషలోకి దించింది:

"బూజు రోగం వస్తె ముందుగాల గులాబికే తగుల్తదట. దాన్ని చూసి వీళ్లు తీగలను కాపాడుకుంటరు."

మౌనిక అప్పుడే విచ్చుకున్న ఒక ద్రాక్ష పూగుత్తి దగ్గర ముక్కు పెట్టి "ఎంత మంచిగుందో చూడు కాకా," అంది. నేనూ వంగాను. మంచిగుందన్నాను. అలవాటైన అబద్ధం, తడుముకోకుండా వచ్చింది.

ఆ వైన్ గురించి లుచియా నడుస్తూ చెప్పుకొచ్చింది. అది ఒక్క ద్రాక్షతో అయ్యేది కాదు. సగానికి పైగా సాంజొవేజె అనే స్థానిక ద్రాక్ష. దాని దుడుకుతనం తగ్గించడానికి కనయోలో. ఆ పైన పదో వంతో ఐదో వంతో కాబెర్నే. ఈ చివరిది ఫ్రాన్స్ నుంచి వచ్చిందట, అందుకే ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని ఫ్రెంచి ద్రాక్ష అనే అంటారు. చుట్టుపక్కల ప్రాంతాల్లో ఫ్రెంచి ద్రాక్ష కలపడం నిన్నమొన్నటి ఫ్యాషన్, మా కొండ మీద మాత్రం వందల ఏళ్ల అలవాటు అని గొప్పగా చెప్పింది. ఈ వైన్ ఫలానా గట్టు నుంచి ఫలానా గట్టు వరకే అని మూడు వందల ఏళ్ల కిందట ఒక ప్రభువు హద్దులు కూడా గీయించాడట.

నాకు ఇది కొత్త విద్య అనిపించలేదు. మా దగ్గర మెరూన్ కూడా అలాగే వస్తుంది. ఎరుపు దాని ఒళ్లు, పసుపు మెత్తదనం, నీలం చిటికెడు. ఆ చిటికెడు దగ్గరే మాస్టర్ ఎవరో తేలిపోతుంది.

మూడు గ్లాసులు

నేలమాళిగ చల్లగా ఉంది. గోడ వెంట పెద్ద చెక్క పీపాలు. బల్ల మీద మూడు గ్లాసులు, కింద సుద్దతో ఒకటి, రెండు, మూడు. లుచియా ఈసారి నడుం బిగించినట్టు నిలబడి మాట్లాడింది. మౌనిక గొంతు తగ్గించి చెప్పింది.

"గివి మూడూ 2020 పంట కాకా. బ్రూనో తెంపిన ఆఖరు పంట. అక్టోబర్‌ల తెంపిండు, నవంబర్‌ల పోయిండు. మూడు తీర్ల కలిపి చూసింది. వచ్చే వారం ఏదో ఒక తీరుతోని అంత కలిపి సీసాలల్ల పొయ్యాలె. ఊరోళ్లను అడిగితె బ్రూనో మీది పావురంతోని, ప్రేమతోని, అన్నీ మంచిగున్నయనే అంటరట. ఆయనను ఎరుగనోడు చెప్పాలెనట. నువ్వు గూడ మాస్టర్‌వే కదా, నువ్వు చెప్పు అంటుంది."

కాదనాల్సింది. కానీ మాస్టర్ అన్నాక కాదనడం రాదు. గ్లాసులు ఒక్కొక్కటే ఉత్తరపు గవాక్షం దగ్గరికి తీసుకెళ్లాను. తెల్ల రుమాలు మీద వంచి చూశాను. ఒకటోది పలచన. మూడోదానికి అంచున ఇటుక ఛాయ. రెండోది మాత్రం నిండుగా, లోతుగా, అంచు దాకా ఒకే రంగు. నా మిల్లులో అయితే ఆ లాటు కళ్లు మూసుకుని పాస్ చేసేవాణ్ని. ఒక్కో గుక్క తాగాను. పులుపు, వగరు, కాస్త వెచ్చదనం తగిలాయి. సేఠ్ మొహం కూడా ఒకసారి కనబడి పోయింది.

"రెండోది," అన్నాను.

లుచియా ఒక్క మాట అడిగింది. మౌనిక చెప్పకుండానే అర్థమైంది. తన ముక్కును వేలితో చూపించింది.

"వాసన గూడ మంచిగున్నది. పండ్ల వాసన," అన్నాను.

ఆమె తలూపి, సుద్ద తీసుకుని పెద్ద పీపా దగ్గరికి నడిచింది. దాని చెక్క మీద పాత సుద్ద గీతలు, బ్రూనో రాసినవి కాబోలు, ఏడు అంకెకు నడుము మీద అడ్డగీత. వాటి కింద ఆమె రాయబోతోంది. పోయినవాడి చివరి పంట మీద నా అబద్ధం అంకెగా పడబోతోంది. పల్సానాలో ఏడాదిగా అబద్ధం ఆడాను, రోజూ భయపడ్డాను గానీ సిగ్గుపడలేదు. అక్కడ మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆగుమను," అన్నాను మౌనికతో. "నాకు వాసన రాదు బిడ్డా. ఏడాది అయితుంది. కరోనాల పోయింది. ఊకెనే చెప్పిన."

"సచ్చీ, కాకా?" మౌనిక నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. "మరి స్టోర్?"

మిల్లులో ఆరు నెలలు పనిచేసిన పిల్ల. మొదట అడగాల్సిందే అడిగింది.

లుచియాకు అనువాదం అందాక కోపం వస్తుందని చూశాను. ఆమె స్టూలు మీద కూలబడి, సుద్ద చేత్తోనే మొహం కప్పుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. మొహమంతా సుద్ద.

"ఆమెకు గూడ రాదట కాకా," అంది మౌనిక. "బ్రూనోతోని పాటే జ్వరమొచ్చిందట. రంగు మాస్టర్‌కు ముక్కు బలంగుంటదని నిన్ను పిలిచిందట."

అరలో నాలుగు చిన్న సీసాలున్నాయి. నిమ్మ, గులాబీ, నీలగిరి, లవంగం. డాక్టర్ చెప్పాడని పొద్దునా సాయంత్రం వాసన చూస్తుందట. ఒక్కోసారి లవంగం తగిలినట్టే ఉంటుంది, అంతలో అది జ్ఞాపకమేమో అనిపిస్తుంది అంది. పాలు విరిగాయో లేదో పక్కింటావిడ చూసి చెబుతుందట. దుకాణంలో, చర్చిలో, అందరికీ చెప్పేసిందట. తర్వాత నన్ను అడిగింది:

"నీకు పాలు ఎవరు చూస్తరు?"

"నా భార్య," అన్నాను.

"పని కాడ?"

నేను బల్ల వైపు తిరిగాను. లుచియా గ్లాసులు మౌనిక ముందుకు జరిపింది. ఉన్న ఒక్క ముక్కూ ఆమెదే. ఒకటోది చూసి "మామూలుగుంది" అంది. మూడోదాని మీద చాలాసేపు ఉంది. "ఎండిన అల్లనేరేడు. జర కొత్త చెప్పుల దుకాణం లెక్క." రెండోది ముక్కు దాకా తీసుకుని చటుక్కున దించేసింది.

"కాకా, గిది హైడ్రో."

"ఏంది?"

"మన హైడ్రో డ్రమ్ము లెక్కనే ఉన్నది. అగ్గిపుల్లలు, గుడ్లు. డిట్టో."

వైన్‌కు పీపాలో గాలి ఆడకపోతే ఒక్కోసారి అలా అవుతుందట. వేరే పీపాలోకి వంచి గాలి తగిలిస్తే పోతుందట. కానీ నా మాట విని సీసాల్లో పోసి బిరడా కొట్టేస్తే ఆ కంపు లోపలే ఉండిపోయేదని లుచియా అంది. నేను రెండో గ్లాసు మళ్లీ తీసుకుని ముక్కు పూర్తిగా లోపలికి పెట్టాను. ఏమీ లేదు. రంగు మాత్రం అప్పటికీ చాలా బాగుంది. పల్సానాలో ఆ వానరోజు నేను ఎలా నిలబడి ఉన్నానో మొదటిసారి బయటినుంచి నాకు కనబడింది.

పీపా మీద లుచియా మూడు అని రాసింది. మౌనిక చెప్పిన అల్లనేరేడును, చెప్పుల దుకాణాన్ని పుస్తకంలో ఎక్కించుకుంది.

ఫ్లోరెన్స్: సీసా ఎవరికి

బయల్దేరేటప్పుడు లుచియా నా చేతిలో రెండు పెట్టింది. ఒకటి 2018 పంట సీసా. ఊళ్లో దుకాణంలో అలాంటిది ఇరవై యూరోల పైమాటే. రెండోది ఎండు అంజీరాల పొట్లం. రెండేసి పండ్లను చీల్చి, అతికించి, మధ్యలో సోంపు పెట్టి ఎండబెడతారు. ఆ కొండ ప్రత్యేకత అది కూడా. భోజనం తర్వాత నోట్లో వేసుకునే సోంపు అంజీరం కడుపులో కనబడేసరికి ఇంటి మనిషి ఎదురైనట్టు అనిపించింది.

సీసా సూరత్‌కు తీసుకుపోలేను. ఫ్లోరెన్స్ విమానాశ్రయంలో మౌనికకు ఇచ్చాను.

"బాపుకు చెప్పకు కాకా," అంది.

"నువ్వు నా ముక్కు సంగతి చెప్పకు," అన్నాను అలవాటుగా.

మౌనిక నవ్వలేదు. "గది నువ్వే చెప్పాలె," అంది.

పల్సానా

వచ్చిన మర్నాడు ముందు సేఠ్ గదికి వెళ్లాను. స్టెంటర్ గొలుసుల సంగతి చెప్పాను, తర్వాత ముక్కు సంగతి. ఆయన చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. ఉద్యోగం ఆ తిరుగుడులోనే పోయిందనుకున్నాను.

"రంగ్ తో ఆంఖ్ సే దేఖతే హో నా?" అన్నాడు చివరికి. "స్టోర్ కౌన్ దేఖేగా, తుమ్ బోలో."

రంగు చూడటానికి కళ్లు చాలు, స్టోర్ ఎవరు చూడాలో మాత్రం నువ్వే చెప్పు అన్నమాట. నేను బయటికొచ్చి స్టోర్ దగ్గరికి నడిచాను. రాజేశం అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు, ఎప్పటిలాగే ఒక కాలు ముందుకు వేసి. తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాను.

"ఇగ నువ్వే తియ్యి. నాకు వాసన రాదు రాజేశం. కరోనాల పోయింది."

"ఎరుకే మాస్టర్," అన్నాడు, తాళంచెవి తిప్పుతూ. "ఆ వానల నాటి సంది ఎరుకే. నేను రోజూ మీకంటె ముంగట ఉరికేది గందుకే కద. ఎన్నిసార్లు తిట్టిన్రు నన్ను."

తలుపు తీసి అతను లోపలికి వెళ్లాడు, మధ్యలో నిలబడి గాలి పీల్చాడు, నా వైపు తిరిగి తలూపాడు. అప్పుడు నేను లోపలికి అడుగుపెట్టాను. అగరుబత్తులు అతనే వెలిగించాడు. జేబులోంచి అంజీరం తీసి విరిచి సగం అతనికిచ్చాను. తినబోతుంటే ఆపి, ముందు వాసన చూసి ఎలా ఉందో చెప్పమన్నాను.

రాజేశం దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"సోంపు," అన్నాడు. "మంచిగున్నది మాస్టర్. పెండ్లి భోజనం అయినంక చేతుల పోస్తరు చూడు, గట్లున్నది."